అడిగి చేయించుకున్న సుఖోయ్

మలేషియా తూర్పు తీరంలో, కెలాంతన్, తెరెంగాను రాష్ట్రాల సరిహద్దు మీద గోంగ్ కెడాక్ అనే వైమానిక స్థావరం ఉంది. మలేషియా వైమానిక దళం 11వ స్క్వాడ్రన్‌కు అదే ఇల్లు. అక్కడ ఉండేవి సుఖోయ్-30 ఎంకేఎం యుద్ధవిమానాలు. వాటిని తయారుచేసింది సైబీరియాలోని ఇర్కుత్స్క్ కర్మాగారం. కాక్‌పిట్‌లో ఫ్రాన్స్ పరికరాలు ఉన్నాయి, హెచ్చరిక వ్యవస్థలు దక్షిణాఫ్రికావి. అయితే రష్యా విమానానికి ఈ రూపం కావాలని మొదట పట్టుబట్టింది ఈ మూడు దేశాల్లో ఏదీ కాదు. మలేషియా కూడా కాదు. అడిగింది భారతదేశం. అడిగిన రోజుల్లో ఢిల్లీలో ప్రధానిగా ఉన్నది మన పీవీ నరసింహారావు.

ఆగ్నేయాసియాలో రష్యా యుద్ధవిమానాల సత్తా గురించి మాట్లాడేవాళ్లు వేగం ఎంత, రాడార్ ఎంత దూరం చూస్తుంది అన్న లెక్కలతో మొదలుపెడతారు. ఆ లెక్కలు అవసరమే. కానీ ఆ సత్తా ఎలా వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా పెరిగిందో తెలియకపోతే కథలో సగమే తెలిసినట్టు. ఆ మిగతా సగంలో హైదరాబాద్ ఉంది.

చెరిపి మళ్లీ గీసిన విమానం

1970ల మొదట్లో అమెరికా ఎఫ్-15 అనే శక్తిమంతమైన యుద్ధవిమానాన్ని తెచ్చింది. దానికి దీటైనదాన్ని తయారుచేసే పని సోవియట్ ప్రభుత్వం సుఖోయ్ డిజైన్ సంస్థకు అప్పగించింది. టీ-10 అనే నమూనా 1977 మే 20న తొలిసారి ఎగిరింది. ఎగిరింది గానీ, పరీక్షలు జరిగేకొద్దీ అది ఎఫ్-15కు సాటి రాదని తేలిపోయింది. అప్పటికే డబ్బు, కాలం చాలా ఖర్చయ్యాయి. ఉన్నదాన్నే సరిపెట్టుకుందామన్న మాట గట్టిగా వినిపిస్తున్న రోజుల్లో, ప్రధాన డిజైనర్ మిఖాయిల్ సిమొనొవ్ విమానాన్ని దాదాపు మొదటి నుంచీ మళ్లీ గీయించారు. టీ-10ఎస్ పేరుతో ఆ కొత్త రూపం 1981 ఏప్రిల్ 20న గాలిలోకి లేచింది. సుఖోయ్-27గా సోవియట్ వైమానిక దళంలో చేరింది అదే.

సోవియట్ భూభాగం సువిశాలమైనది. గంటల తరబడి కాపలా తిరిగే విమానంలో ఒక్క పైలట్ అలసిపోతాడు. అందుకే రెండు సీట్లు, గాలిలోనే ఇంధనం నింపుకునే ఏర్పాటు ఉన్న మరో రూపాన్ని ఇర్కుత్స్క్‌లో సిద్ధం చేశారు. అదే సుఖోయ్-30. దాని నమూనా 1989 చివర్లో ఎగిరింది. మరో రెండేళ్లకు సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ప్రపంచంలో మేటి అనదగ్గ యుద్ధవిమానం చేతిలో ఉంది, కొనడానికి సొంత ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. ఇర్కుత్స్క్ కర్మాగారానికి ఆర్డర్లు ఆగిపోయాయి.

మూడు ప్రభుత్వాలు, ఒకే మాట

ఆ సమయంలో బేరానికి కూర్చున్నది భారతదేశం. చర్చలు పీవీ ప్రభుత్వ హయాంలో మొదలయ్యాయి. 1996 ఎన్నికల ముందు ఆ ప్రభుత్వం రష్యాకు ముందస్తుగా కొంత సొమ్ము కూడా ఇచ్చింది. ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారింది, దేవెగౌడ ప్రధాని అయ్యారు, ములాయం సింగ్ యాదవ్ రక్షణ మంత్రి అయ్యారు. 1996 నవంబరు 30న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. విమానాలను మన దేశంలోనే తయారుచేసుకునే లైసెన్సు ఒప్పందం 2000 డిసెంబరులో, వాజ్‌పేయి ప్రభుత్వం ఉన్నప్పుడు కుదిరింది. వేర్వేరు పార్టీల మూడు ప్రభుత్వాలు ఈ ఒక్క విషయంలో ముందువాళ్లు వేసిన అడుగును వెనక్కి తీసుకోలేదు. ఆ నిలకడ లేకపోతే ఈ కథే లేదు.

రష్యా అమ్మజూపిన సుఖోయ్-30ని ఉన్నది ఉన్నట్టు కొనడానికి మన వైమానిక దళం ఒప్పుకోలేదు. మొదటి కొన్ని విమానాలు మామూలువి తీసుకున్నా, తర్వాత వచ్చేవి మాత్రం తాము చెప్పినట్టు ఉండాలంది. రెక్కల ముందు కానార్డ్లు అనే చిన్న రెక్కలు కావాలంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కిరణాన్ని తిప్పే కొత్త రాడార్ కావాలంది. ఇంజన్ వెనక నాజిల్ కదలాలంది. అన్నిటికంటే పెద్ద కోరిక మరొకటి: కాక్‌పిట్ ఎలక్ట్రానిక్స్‌లో రష్యావే కాక ఫ్రాన్స్, ఇజ్రాయెల్, భారత పరికరాలు కూడా కలిసి పనిచేయాలి. రష్యా యుద్ధవిమానంలో ఇన్ని దేశాల సరుకును ఒక్క తాటి మీదికి తేవడం అంతకుముందు ఆ స్థాయిలో జరగలేదు.

భారత పరికరాల బాధ్యత రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ తీసుకున్నాయి. మిషన్ కంప్యూటర్లు బెంగళూరు ప్రయోగశాలలో తయారయ్యాయి. శత్రు రాడార్ మన విమానాన్ని గమనిస్తోందని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే 'తరంగ్' పరికరం కూడా మనదే. భూమికి ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే రేడియో ఆల్టీమీటర్, ఎదుటి విమానం మనదా పరాయిదా అని గుర్తుపట్టే ఐఎఫ్ఎఫ్, పైలట్లు మాట్లాడుకునే రేడియో సెట్లు హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్ఏఎల్ ఏవియానిక్స్ విభాగం పనితనం.

ఇలా తయారైన నమూనా 1997 జులై 1న ఎగిరింది. 1999 జూన్‌లో పారిస్ ఎయిర్ షోలో విన్యాసాలు చేస్తూ తోక నేలకు తగిలి ఒక నమూనా కూలిపోయింది. అందులో ఉన్న అవెర్యానొవ్, షెంద్రిక్ ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. పని ఆగలేదు. 2002 సెప్టెంబరులో పుణె లోహెగావ్ స్థావరంలో సుఖోయ్-30 ఎంకేఐ మన వైమానిక దళంలో చేరింది. 2004 నుంచి నాసిక్ హెచ్ఏఎల్ కర్మాగారంలో తయారవుతోంది. చివరి ఆ 'ఐ' అక్షరం ఇండియాది.

నాజిల్ దగ్గర కాసేపు

ఈ విమానం తాలూకు అసలు విశేషం దాని ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్ చివర కనిపిస్తుంది. మామూలు జెట్‌లో వేడి వాయువులు నేరుగా వెనక్కి పోతాయి, విమానం ముందుకు పోతుంది. దిశ మార్చాలంటే రెక్కల మీది, తోక మీది పలకలు గాలిని పక్కకు నెట్టాలి. వేగం బాగా తగ్గినప్పుడు ఆ పలకల మీద తగినంత గాలి పారదు. విమానం పైలట్ మాట వినదు. సుఖోయ్-30 ఎంకేఐలో నాజిలే కదులుతుంది, 15 డిగ్రీల దాకా అటూ ఇటూ ఒరుగుతుంది. రెండు నాజిళ్లూ బయటి వైపు 32 డిగ్రీలు వాలిన తలాల్లో కదులుతాయి. రెండూ ఒకేవైపు వంగితే ముక్కు పైకి లేస్తుంది లేదా కిందికి దిగుతుంది. ఒకటి ఒకవైపు, రెండోది మరోవైపు వంగితే విమానం పక్కకు తిరుగుతుంది. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి ఆగి రెండోది లాగితే బండి మలుపు తిరిగే తీరు ఇదే. ఫ్లై-బై-వైర్ కంప్యూటర్ ఈ లెక్కంతా చూసుకుంటుంది. పైలట్ ఎప్పటిలా స్టిక్ కదిపితే చాలు.

ఈ ఇంజన్ తయారయ్యేది మనకు దూరంలో కాదు. విజయనగరం మీదుగా కొండలెక్కితే వచ్చే ఒడిశా కోరాపుట్ జిల్లా సునాబెడలో. మిగ్-21 ఇంజన్ల కోసం 1960లలో అక్కడ హెచ్ఏఎల్ కర్మాగారం పెట్టారు.  2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 26,000 కోట్ల రూపాయలతో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు ఆ కర్మాగారానికే ఆర్డరిచ్చింది.

పామాయిల్ దేశానికి ప్రయాణం

మలేషియాకు రష్యా విమానాలు కొత్త కాదు. 1994లో 18 మిగ్-29లు కొనడానికి ఒప్పందం చేసుకుంది, ధరలో కొంత భాగాన్ని పామాయిల్ రూపంలో చెల్లించింది.   ఆ మిగ్‌లు నడిపే మలేషియా పైలట్లకు తర్ఫీదు ఇచ్చినవాళ్లలో భారత వైమానిక దళం శిక్షకులు ఉన్నారు.

మిగ్-29కి ఒక పరిమితి ఉంది, అది దూరం పోలేదు. మలేషియా రెండు ముక్కల దేశం. ద్వీపకల్పం ఒకవైపు, బోర్నియో దీవిలోని సబా, సరవాక్ మరోవైపు. నడుమ దక్షిణ చైనా సముద్రం. ఇలాంటి దేశానికి ఒకసారి లేస్తే సముద్రం దాటి, కాసేపు కాపలా కాసి, మళ్లీ వెనక్కి రాగల విమానం కావాలి. సుఖోయ్-30 తన కడుపులోనే తొమ్మిదిన్నర టన్నులకు పైగా ఇంధనం మోస్తుంది, దాదాపు 3,000 కిలోమీటర్లు పోతుంది. 12 చోట్ల ఆయుధాలు తగిలించుకుని 8 టన్నుల దాకా మోయగలదు. దాని బార్స్ రాడార్ 15 లక్ష్యాలను ఒకేసారి వెంటాడి, నాలుగింటి మీద ఒకేసారి దాడి చేయించగలదు. సముద్రం మీద గంటల కాపలాలో రెండో సీటు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

2003 ఆగస్టులో, రష్యా అధ్యక్షుడు పుతిన్ కౌలాలంపూర్ వచ్చినప్పుడు, 90 కోట్ల డాలర్లకు 18 విమానాల ఒప్పందం కుదిరింది. భారత్ కోసం తయారైన ఎంకేఐనే మూలంగా తీసుకున్నారు. కానార్డ్లు, కదిలే నాజిళ్లు, బార్స్ రాడార్ అలాగే ఉంచారు. ఇజ్రాయెల్‌తో మలేషియాకు దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఆ పరికరాల చోట ఫ్రాన్స్‌కు చెందిన థేల్స్ హెడ్-అప్ డిస్‌ప్లే, డమోక్లెస్ లేజర్ పాడ్ పెట్టారు. క్షిపణి వస్తోందని హెచ్చరించే పరికరాలు దక్షిణాఫ్రికా నుంచి తెచ్చారు. 2007లో తొలి రెండు విమానాలు మలేషియా చేరాయి. ఒప్పందంలో భాగంగా ఒక మలేషియన్‌ను రష్యా అంతరిక్షానికి పంపింది. 2007 అక్టోబరు 10న సోయుజ్ వ్యోమనౌకలో వెళ్లిన షేక్ ముస్జఫర్ షుకోర్ ఆ దేశపు తొలి వ్యోమగామి.

పైలట్ల తర్ఫీదు మళ్లీ మన దగ్గరికే వచ్చింది. 2008 నుంచి 2010 దాకా భారత వైమానిక దళం బృందం గోంగ్ కెడాక్‌లో మకాం వేసి మలేషియన్లకు సుఖోయ్ మెలకువలు నేర్పింది. ఈ విమానం మీద అప్పటికి ఎక్కువ అనుభవం ఉన్నది మనవాళ్లకే మరి.

పేరొకటి, తీరు వేరు

ఆగ్నేయాసియాలో సుఖోయ్-30 అన్న పేరు వినగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. రష్యాలో వీటిని తయారుచేసిన కర్మాగారాలు రెండు. ఇర్కుత్స్క్ దారి భారత్ కోరికతో మలుపు తిరిగింది. కొమ్సొమోల్స్క్ దారి చైనా కోసం తయారైన రూపం నుంచి వచ్చింది. వియత్నాం 2004 నుంచి దఫదఫాలుగా తీసుకున్న 36 సుఖోయ్-30 ఎంకే2లు, మకస్సర్ స్థావరం నుంచి ఇండోనేషియా నడుపుతున్న ఎంకే2లు రెండో దారివి. వాటికి కానార్డ్లు లేవు, నాజిల్ కదలదు. అలాగని తక్కువ చేయలేం. నౌకల మీద దూరం నుంచి క్షిపణులు వేయడంలో అవి దిట్టలు, పొడవైన సముద్ర తీరమున్న వియత్నాంకు కావలసింది అదే. మయన్మార్ కొన్న ఆరు సుఖోయ్-30 ఎస్ఎంఈలు మళ్లీ ఇర్కుత్స్క్ దారివి.

రష్యా కూడా ఆ దారికే వచ్చింది. తన సొంత వైమానిక దళం కోసం 2012లో ఆర్డరిచ్చిన సుఖోయ్-30 ఎస్ఎం, మన కోసం తయారైన ఎంకేఐ కుటుంబం నుంచి పుట్టినదే. కొనేవాడి పట్టుదల అమ్మేవాడి సరుకును మార్చిందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

2018 నేర్పిన పాఠం

2018 జులై చివర్లో మలేషియా రక్షణ మంత్రి మొహమ్మద్ సాబు పార్లమెంటులో చెప్పిన మాట ఆ దేశాన్ని కుదిపేసింది. 18 సుఖోయ్‌లలో ఎగరగలిగే స్థితిలో ఉన్నవి నాలుగే. మిగతా 14 మరమ్మతుల్లో ఉన్నాయి. విమానంలో లోపం ఉందని కాదు. విడిభాగాలు సకాలంలో అందలేదు, నిర్వహణ ఒప్పందాలు సరిగా నడవలేదు. కదిలే నాజిల్, 15 లక్ష్యాలను చూసే రాడార్, 3,000 కిలోమీటర్ల పరుగు అన్నీ హ్యాంగర్‌లో నిలబడిపోయాయి. ఆ తర్వాత మలేషియా పెద్ద మరమ్మతులను సొంత గడ్డ మీదే చేసుకునే ఏర్పాటును బలపరచుకుంది. 2023 జులైలో హెచ్ఏఎల్ కౌలాలంపూర్‌లో ప్రాంతీయ కార్యాలయం తెరిచింది.

కాగితం మీది సత్తా వేరు, ఉదయం సైరన్ మోగితే లేచే సత్తా వేరు. విప్పి బాగుచేయడం తెలిసిన దేశానికే ఆ రెండోది దక్కుతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీద ఆంక్షలు పెరిగాయి. ఈ విమానాలున్న ప్రతి దేశానికీ ఈ సంగతి ఇప్పుడు మరింత బాగా అర్థమవుతోంది.

హైదరాబాద్ చేర్చిన బలం

విమానానికి ఆయుధం కూడా అంతే ముఖ్యం. సుఖోయ్‌తో పాటు వచ్చిన, శత్రు విమానాలను కూల్చే క్షిపణులు రష్యావి. అవి అయిపోతే మళ్లీ రష్యానే అడగాలి, ఆధునికం చేయాలంటే మళ్లీ వాళ్ల గడపే తొక్కాలి. ఈ బంధనం తెంచే పని హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ చేపట్టింది. ఆ క్షిపణి పేరు అస్త్ర. కంటికి కనిపించని దూరంలో ఉన్న శత్రు విమానాన్ని కూల్చడం దాని పని.

2003 మేలో ఒడిశాలోని చాందీపూర్‌లో నేల మీది నుంచి తొలి ప్రయోగం జరిగింది. 2004లో పూర్తిస్థాయి ప్రాజెక్టు మంజూరైంది. తొలి రూపం తృప్తినివ్వకపోవడంతో ఆకృతిని మార్చి మళ్లీ రూపొందించారు. సిమొనొవ్ చేసిన సాహసమే ఇక్కడా జరిగింది. సుఖోయ్ రెక్క కింద క్షిపణిని తగిలించి ఊరికే తిప్పి తెచ్చే పరీక్షలు చాలాకాలం సాగాయి. ఎందుకంటే విమానం మెలికలు తిరిగేటప్పుడు పడే ఒత్తిడి, ప్రకంపనలు, ఎత్తులో చలి, ఇవన్నీ తట్టుకున్నాకే క్షిపణిని వదలాలి. 2014 మే 4న గోవా తీరంలో సుఖోయ్ నుంచి అస్త్ర తొలిసారి విడుదలైంది. ప్రాజెక్టు డైరెక్టర్ ఎస్. వేణుగోపాల్ ఆధ్వర్యంలో 2017 సెప్టెంబరులో అభివృద్ధి పరీక్షల చివరి దఫా పూర్తయింది.

అస్త్ర ప్రయాణంలో మూడు ఘట్టాలుంటాయి. విమానం నుంచి విడివడగానే పొగ కనిపించని ఇంధనం మండుతుంది, శత్రువుకు జాడ దొరకదు. మొదట క్షిపణి తనలోని జడత్వ నావిగేషన్ ఆధారంగా పోతుంది. దారిలో సుఖోయ్ రాడార్ చూసిన కొత్త వివరాలు డేటాలింక్ ద్వారా అందుతాయి, లక్ష్యం పక్కకు తప్పుకుంటే క్షిపణీ దారి మార్చుకుంటుంది. చివరి ఘట్టంలో ముక్కులోని సీకర్ అనే చిన్న రాడార్ మేలుకుని లక్ష్యాన్ని తానే వెతికి పట్టుకుంటుంది. అక్కడి నుంచి విమానంతో దానికి పని లేదు, పైలట్ వెనుదిరగొచ్చు. 154 కిలోల బరువున్న ఈ క్షిపణి వంద కిలోమీటర్లకు పైగా పోతుంది.

ఆ సీకరే అన్నిటికంటే కష్టమైన భాగం. మొదట్లో రష్యా సీకర్‌నే వాడారు. సొంత సీకర్ తయారుచేసే పని అబ్దుల్ కలాం చేతుల మీదుగా హైదరాబాద్‌లో ఏర్పడిన మరో డీఆర్‌డీఓ ప్రయోగశాల ఆర్‌సీఐ తీసుకుంది. 2025 జులై 11న ఒడిశా తీరంలో స్వదేశీ సీకర్ ఉన్న రెండు అస్త్రలను సుఖోయ్ నుంచి వదిలారు, రెండూ వేగంగా పోతున్న లక్ష్యాలను ఛేదించాయి. 2022 మేలో రక్షణ శాఖ 2,971 కోట్ల రూపాయలకు అస్త్ర క్షిపణుల ఆర్డరును హైదరాబాద్‌లోని క్షిపణుల తయారీ సంస్థ బీడీఎల్‌కు ఇచ్చింది. రెండున్నర టన్నుల బ్రహ్మోస్ క్షిపణిని గాలిలోంచి వదలడం కూడా సుఖోయ్ 2017 నవంబరులో సాధించింది. ఆ బ్రహ్మోస్ క్షిపణులను కూర్చే కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది.

మన పిల్లలకు ఒక మాట

అస్త్ర పరీక్షల కాలంలో డీఆర్‌డీఓ క్షిపణుల విభాగాన్ని, తర్వాత 2018 నుంచి 2022 దాకా మొత్తం డీఆర్‌డీఓను నడిపినవారు జి. సతీష్‌రెడ్డి. నెల్లూరు జిల్లా మహిమలూరులో పుట్టారు, అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివారు, 1986లో డీఆర్‌డీఎల్‌లో చేరారు. క్షిపణికి దారి చూపే నావిగేషన్ ఆయన సొంత రంగం. పల్లెటూరి బడి నుంచి, రాయలసీమ కాలేజీ నుంచి అక్కడి దాకా దారి ఉందని ఆయన జీవితం చెబుతోంది.

కడప జిల్లాలోని పెద్దముడియం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పిల్లలకు ఆ దారి ఇప్పుడు మరింత దగ్గరైంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. కర్నూలు జిల్లాలో డీఆర్‌డీఓ ఆయుధ పరీక్షా క్షేత్రం పనిచేస్తోంది. వేడికి కరగని లోహం, మసకబారని రాడార్, తప్పు చేయని సాఫ్ట్‌వేర్, అరగని బేరింగ్, ఇవన్నీ ఇంకా తీరని అవసరాలు. ఏఎల్-31 లాంటి ఇంజన్‌ను మనంతట మనమే గీసి, తయారుచేసి, ఎగరేసిన రోజు ఇంకా రాలేదు.

డబ్బుంటే విమానం కొనొచ్చు. ఏం కావాలో తెలిస్తే మన రూపంలో చేయించుకోవచ్చు. పని చేతికి వస్తే మరొకరికి నేర్పొచ్చు కూడా. ఈ మూడు మెట్లూ ఎక్కాం, మిగిలింది నాలుగోది. ఆ ఇంజన్‌ను గీసే పని ఈ ప్రాంతం పిల్లలు తమదనుకోవాలి. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే బిడ్డ ఉంటే, కొలువుల జాబితాలో డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, హెచ్ఏఎల్ పేర్లు కూడా చేర్చమని తల్లిదండ్రులు చెప్పాలి.